దుకాణం మీది, వెబ్‌సైట్ ఎవరిది?

రాజమండ్రి చుట్టుపక్కల చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసి ఇవ్వడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో దాదాపు అందరూ మొదట అడిగేది, "వెబ్‌సైట్‌కి ఎంతవుతుందండీ?" అని. డబ్బు పెట్టేవాళ్లు ధర అడగడం సహజం. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అది అడిగినవాళ్లు నాకు చాలా అరుదుగా తగిలారు. "అది ఎవరి పేరు మీద ఉంటుంది?"

మా ఊళ్లో, బహుశా మీ ఊళ్లో కూడా, 'డిజిటల్ మార్కెటింగ్ ప్యాకేజీ' అనే మాట బాగా నడుస్తోంది. వెబ్‌సైట్, లోగో, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టడం, పండగలకి పోస్టర్లు, అన్నీ కలిపి ఒక రేటు. ఓనరు డబ్బు కడతాడు. పని చేసే కుర్రాడు తన జీమెయిల్‌తో గూగుల్ లిస్టింగ్ తెరుస్తాడు, తన అకౌంట్‌లో డొమైన్, అంటే సైటు పేరు, తీసుకుంటాడు, తన సర్వర్‌లోనే సైటు పెడతాడు. ఓటీపీల కోసం ఓనర్ని మాటిమాటికీ విసిగించక్కర్లేదు కాబట్టి అప్పటికి ఇద్దరికీ సుఖంగానే ఉంటుంది. రెండేళ్లు తిరిగేసరికి ఆ కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, లేదా ఆ ఆఫీసే మూతపడుతుంది. ఇక ఫోన్ కలవదు. షాపు పక్క వీధిలోకి మారినా మ్యాప్ పాత చోటే చూపిస్తూ ఉంటుంది. సైట్లో పాత నంబరే ఉంటుంది. మార్చాలంటే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు.

నాకు వచ్చే పనుల్లో కొత్త సైట్ల కంటే ఇలాంటి చిక్కులు విప్పే పనులే ఎక్కువ. ఒక బట్టల షాపు వాళ్లకైతే, వాళ్ల డొమైన్ వాళ్లకి తిరిగి ఇవ్వడానికి పాత ఏజెన్సీ మళ్లీ డబ్బు అడిగింది. అన్నిచోట్లా ఇది మోసమని నేననను. చాలాసార్లు బద్ధకం, ఇంకొన్నిసార్లు అలవాటు. కానీ నష్టపోయేది ప్రతిసారీ షాపు ఓనరే. ఇంటి స్థలం కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ బ్రోకరు పేరు మీద చేయించుకోం కదా. ఇక్కడ మాత్రం నిశ్చింతగా చేయించుకుంటున్నాం.

చిన్న వ్యాపారికి ప్రచారం కంటే ముందు ఇంటర్నెట్‌లో సొంత చిరునామా కావాలి. అది అతని పేరు మీద, అతని భాషలో, అతను చెప్పిన నిజమైన వివరాలతో ఉండాలి. ఆ పని అయ్యాకే యాడ్స్, రీల్స్, ఫాలోయర్లు. ఇప్పుడు మన ఊళ్లలో నడుస్తున్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉందని నా అభిప్రాయం.

డొమైన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది ఒకసారి కొని మరిచిపోయేది కాదు. ఏడాదికో, కొన్నేళ్లకో ఒక పేరును నమోదు చేయించుకోవడం. డాట్ ఇన్‌తో ముగిసే పేర్ల మొత్తం జాబితాని, అంటే రిజిస్ట్రీని, చూసేది నిక్సీ అనే సంస్థ. మనం తీసుకునేది మాత్రం గోడాడీ, హోస్టింగర్ లాంటి పేర్లు అమ్మే కంపెనీల దగ్గర. వాటిని రిజిస్ట్రార్లు అంటారు. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఏడాది ధర ఒక్కో రిజిస్ట్రార్ దగ్గర ఒక్కోలా ఉంటుంది. మొదటి ఏడాది తగ్గింపు ధర చూపించి రెన్యువల్‌కి ఎక్కువ తీసుకోవడం మామూలే కాబట్టి తీసుకునేటప్పుడే రెన్యువల్ ధర చూసుకోవాలి. గడువు దగ్గర పడుతోందని గుర్తుచేసే మెయిల్ రిజిస్ట్రార్ దగ్గర రాసి ఉన్న ఈమెయిల్‌కే వెళ్తుంది. ఆ ఈమెయిల్ ఎప్పుడో వెళ్లిపోయిన కుర్రాడిదైతే, గడువు దాటిన సంగతి మీకు సైటు ఆగిపోయాకే తెలుస్తుంది. కొన్నాళ్లు చూసి ఆ పేరును మళ్లీ ఎవరికైనా ఇచ్చేస్తారు. ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. ఒకప్పుడు చీరల షాపు తెరుచుకున్న చిరునామాలో ఆన్‌లైన్ జూదం పేజీ తెరుచుకోవడం నేను చూశాను. విజిటింగ్ కార్డుల మీద, క్యారీ బ్యాగుల మీద ఆ చిరునామా ఇంకా అచ్చై ఉంది.

"ఇవన్నీ ఎందుకండీ, ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టా ఉంది, వాట్సాప్ ఉంది, సరిపోదా?" అని అడుగుతారు. సరిపోయే వ్యాపారాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. కానీ వాటి మీదే మొత్తం ఆధారపడితే ఏమవుతుందో మనం ఇప్పటికే చూశాం. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. దాంట్లో చిన్నాచితకా వ్యాపారాలు నడుపుకుంటున్నవాళ్లకి ఒక్క రాత్రిలో ఫాలోయర్లందరూ పోయారు. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆ ఫాలోయర్ల ఫోన్ నంబర్లు వాళ్ల దగ్గర లేకపోవడం గురించే నా బాధంతా. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. మన దగ్గర అది రాత్రి పూట కాబట్టి బతికిపోయాం. పగలు జరిగి ఉంటే ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే తీసుకునే కర్రీ పాయింట్ల గతేంటి?

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. గూగుల్ 2017లో చిన్న షాపుల కోసం ఉచితంగా ఒక పేజీ వెబ్‌సైట్ ఇచ్చింది. పేరు చివర 'బిజినెస్ డాట్ సైట్' అని ఉండేది. ఫోన్‌లోనే కాసేపట్లో తయారైపోయేది. మా జిల్లాలో కూడా హార్డ్‌వేర్ షాపుల నుంచి ట్యూషన్ సెంటర్ల దాకా చాలామంది పెట్టుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నిటినీ ఆపేసింది. జూన్ 10 దాకా పాత లింకు నొక్కితే మ్యాప్‌లోని ప్రొఫైల్‌కి పంపింది, తర్వాత అదీ లేదు. గూగుల్ చేసిన దాంట్లో మోసం ఏమీ లేదు. ముందే చెప్పింది, ఉచితంగా ఇచ్చింది, ఉచితంగానే తీసేసుకుంది. సొంత డొమైన్ పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఆ దెబ్బ తగల్లేదు. వాళ్ల పేరు వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి కొత్త సైటు చేయించుకుని అదే పేరు దానికి తగిలించారు. కార్డుల మీది చిరునామా మారలేదు.

అయితే సొంత పేరుంటే చాలు, గూగుల్ ప్రొఫైల్ అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే అది అంతకంటే పెద్ద పొరపాటు. టిఫిన్ సెంటరుకి, పంక్చర్ షాపుకి, ల్యాబ్‌కి, పిల్లల డాక్టరుకి ఆ ప్రొఫైలే ప్రాణం. దాన్ని ఇంతకుముందు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, 2021 నుంచి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు. "దగ్గర్లో టిఫిన్" అని వెతికినప్పుడు ఏ షాపు ముందు చూపించాలో మూడు సంగతులను బట్టి తేలుస్తామని గూగుల్ స్వయంగా చెబుతోంది: వెతికినదానికీ మీ షాపుకీ ఉన్న సంబంధం, వెతికిన మనిషికీ మీకూ ఉన్న దూరం, మీ షాపుకి ఉన్న పేరుప్రఖ్యాతులు. డబ్బు కట్టి ఈ వరసలో పైకి రావడం కుదరదని కూడా అక్కడే రాసి ఉంది. కాబట్టి "సార్, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ షాపుని మొదటి పేజీలోకి తెస్తాం, ఇంత కట్టండి" అని ఫోన్ వస్తే మొహమాటం లేకుండా ఫోన్ పెట్టేయండి. ప్రొఫైల్ తెరవడానికీ, ఉంచడానికీ గూగుల్ పైసా తీసుకోదు.

దూరం మన చేతిలో లేదు. మిగతా రెండిట్లో మనం చేయగలిగినవి చాలానే ఉన్నాయి, అవి ఖర్చు లేనివి కూడా. కేటగిరీ సరిగ్గా పెట్టుకోవాలి. టిఫిన్ సెంటరుని ఊరికే 'రెస్టారెంట్' అని పెడితే మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాళ్లు తిట్టుకుని ఒక స్టార్ ఇచ్చి పోతారు. టైమింగ్స్ రాసేటప్పుడు పొద్దున ఆరున్నర నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది అని రెండు భాగాలుగా రాయొచ్చు. దాదాపు ఎవరూ రాయరు. అమావాస్యకి మూసేసే అలవాటుంటే ఆ రోజు సెలవని ముందే పెట్టొచ్చు. మన అడ్రసులు డోర్ నంబరుతో దొరికేవి కావు, 'పాత బస్టాండ్ ఎదురు సందు, రామాలయం పక్కన' అంటేనే దొరుకుతాయి. ఆ గుర్తులు రాయాలి, మ్యాప్‌లో పిన్ను రోడ్డు మధ్యలో కాకుండా గుమ్మం మీదికి జరపాలి. ఈ మధ్య గూగుల్ చాలా షాపుల్ని వీడియోతో వెరిఫై చేస్తోంది. వీధి, బోర్డు, లోపల సామాను, షాపు మీదేనని తెలిసేలా షట్టర్ తాళం తీయడమో కౌంటర్ వెనక్కి వెళ్లడమో ఒకే వీడియోలో ఆపకుండా చూపించాలి. ఈ వీడియో ఓనరే, తన ఫోన్‌తో, తన అకౌంట్ నుంచి తీయాలని నేను పట్టుబడతాను. అలా చేస్తే ఆ ప్రొఫైల్‌కి ప్రైమరీ ఓనర్ అతనే అవుతాడు. మాలాంటివాళ్లని మేనేజర్‌గా చేర్చుకుంటే చాలు, రేపు మాతో పడకపోతే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు.

రివ్యూల గురించి ఒక మాట. "యాభై ఫైవ్ స్టార్లు వేయిస్తాం" అనే బేరం ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ దొరుకుతోంది. డబ్బుకో డిస్కౌంట్‌కో ఆశపెట్టి రివ్యూ రాయించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. 2022 నవంబర్‌లో కేంద్రంలోని ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. తెచ్చినప్పుడు అది ఐచ్ఛికమే. నిబంధనలు పక్కన పెట్టినా, నలభై వేల జనాభా ఉన్న ఊళ్లో దొంగ రివ్యూలు దాగవు. రాసినవాడి పేరు నొక్కితే వాడు ఒకే రోజు జైపూర్‌లో డెంటల్ క్లినిక్‌కి, సూరత్‌లో టైల్స్ షాపుకి, మన ఊళ్లో బిర్యానీ సెంటరుకి రివ్యూ రాసినట్టు కనిపిస్తుంది. జనం చూస్తారు, నవ్వుకుంటారు. కౌంటర్ దగ్గర చిన్న క్యూఆర్ పెట్టి, "నచ్చితే నాలుగు మాటలు రాయండి, నచ్చకపోతే మాకు చెప్పండి" అని అడిగితే నెలకి రెండో మూడో వస్తాయి. చెడ్డ రివ్యూకి మర్యాదగా ఇచ్చిన జవాబు ఆ రాసినవాళ్ల కోసం కాదు, రేపు చదవబోయేవాళ్ల కోసం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయానికి వస్తాను. మన షాపుల సమాచారమంతా బొమ్మల్లో ఇరుక్కుపోయింది.

డీటీపీ షాపులో పోస్టర్ చేయిస్తాం. అక్కడ ఇప్పటికీ ఎక్కువగా వాడేది అను ఫాంట్లు. ఫ్లెక్సీకి, పెళ్లి కార్డుకి, పాంప్లెట్‌కి వాటిని మించినవి లేవు. ఆ అక్షరాల అందం, వైవిధ్యం నాకూ ఇష్టం. కానీ అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాలు కావు. ఆ ఫాంట్‌లో తెలుగు అక్షరంగా కనిపించేది కంప్యూటర్ లోపల ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో అయి ఉంటుంది. ఆ ఫాంట్ లేని చోట కాపీ చేసి అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. అందుకని పోస్టర్‌ని జేపీజీగా చేసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం, ఫేస్‌బుక్‌లో పెడతాం, చివరికి వెబ్‌సైట్లో కూడా అదే బొమ్మ అతికించేస్తాం. ఆ బొమ్మలో షాపు పేరుంది, అడ్రసుంది, ఏమేం దొరుకుతాయో ఉంది, ఫోన్ నంబరుంది. ఈ రోజుల్లో బొమ్మలోని అక్షరాలను యంత్రాలు కొంతవరకు చదువుతున్నాయి గానీ, మీ వ్యాపారాన్ని ఆ 'కొంతవరకు' మీద వదిలేయలేరు. ఆ నంబరు నొక్కితే ఫోన్ కలవదు. కళ్లు కనపడనివాళ్ల ఫోన్ తెలుగు అక్షరాలను చదివి వినిపించగలదు, బొమ్మని చదవలేక చాలాసార్లు 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది. ముప్పై ఏళ్లు దాటాక కూడా మన షాపుల్లో తెలుగు బొమ్మగానే ఎందుకుండాలి?

వెబ్‌సైట్ చేసేవాళ్లు తెలుగుని తప్పించుకోవడానికి చెప్పే కారణం, "తెలుగు పెడితే డిజైన్ పాడైపోతుందండీ" అని. పాడయ్యే మాట నిజమే, ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు కుక్కితే తప్పకుండా పాడవుతుంది. మన అక్షరానికి కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. వరస ఎత్తు ఇంగ్లీషుకి సరిపోయినట్టు అక్షరం సైజుకి 1.2 రెట్లే ఉంచితే 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల ఒత్తులు కింది వరసని ఢీకొంటాయి, లేదా బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. 1.6 నుంచి 1.8 పెడితే హాయిగా ఊపిరాడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ ఇంగ్లీషు హెడ్డింగులకి బాగుంటుందేమో, తెలుగులో మాత్రం అక్షరం ముక్కలైనట్టు కనిపిస్తుంది, తీసేయాలి. 14 పిక్సెళ్ల తెలుగు యాభై దాటినవాళ్లు చదవలేరు, 17, 18 ఉండాలి. ఫాంట్ల కొరత లేదు. మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చాలావాటిని అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర అందరికీ అందుబాటులో పెట్టింది, ఆ పనికి మనం రుణపడి ఉండాలి. మామూలు సమాచారానికి అవి కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ముందే ఉంటుంది కాబట్టి అదే వాడుకుంటే పేజీ తేలిగ్గా, గబుక్కున తెరుచుకుంటుంది. ఇవేమీ కష్టమైన పనులు కావు. ఒక పూట కూర్చుంటే నేర్చుకోవచ్చు. తెలుగు వచ్చిన డిజైనర్లు, తెలుగు షాపుల దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు, ఆ ఒక్క పూట కేటాయించకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

తెలుగు ఒక్కటే పెట్టమనడం లేదు. మనవాళ్లు వెతికే తీరు ఎలా ఉంటుందో చూడాలి. కొందరు మైకు నొక్కి తెలుగులో అడుగుతారు. కొందరు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. పూతరేకుల సంగతే చూడండి. 'పీ' తర్వాత ఒకరు 'యూ' కొడతారు, ఇంకొకరు రెండు 'ఓ'లు కొడతారు. 'టీ' తర్వాత 'హెచ్' పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. చివర 'లు' తీసేసి కొట్టేవాళ్లు కొందరు. సైట్లో తెలుగు లిపిలో మాట ఉండాలి, బాగా వాడుకలో ఉన్న ఒకటి రెండు ఇంగ్లీషు స్పెల్లింగులూ మామూలు వాక్యాల్లో కలిసిపోయి ఉండాలి. పేజీ అడుగున ఇరవై స్పెల్లింగులు గుట్టగా పోయడం మాత్రం వద్దు, దాన్ని గూగుల్ స్పామ్‌గా చూస్తుంది.

పూతరేకుల మాట వచ్చింది కాబట్టి ఆత్రేయపురం గురించి చెప్పాలి. మాకు గోదావరి దాటితే దగ్గరే. వెబ్‌సైట్ ఎవరికి కావాలి, ఎందుకు కావాలి అని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చే ఊరది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్కసారి లాగి తీస్తే కాగితం కంటే పలచగా రేకు లేస్తుంది. అది తీసేది చాలావరకు ఆడవాళ్లు, తమ ఇళ్లల్లోనే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఇప్పుడు ఆ పేరుతో ఆన్‌లైన్‌లో వెతికి చూడండి. ఎక్కడెక్కడి స్వీటు షాపులూ, పెద్ద పెద్ద అమ్మకం సైట్లూ ముందు వస్తాయి. రేకు తీసే ఇల్లు మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది, లేదా అసలు ఉండదు.

ఇక్కడ టిఫిన్ సెంటరు లెక్క పనికిరాదు. వీళ్ల కొనుగోలుదారులు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నారు. దూరం అడ్డే కాదు, పైగా దూరంగా ఉన్నవాళ్లకే ఆ పేరు మీద బెంగ ఎక్కువ. ఇలాంటి వ్యాపారానికి సొంత సైటు కావాలి. ఆ సైట్లో రాయాల్సిన సంగతులు ఏ ఏజెన్సీకీ తెలియవు, ఆ ఇంట్లోవాళ్లకే తెలుసు. బెల్లంవి ఎన్ని రోజులు నిలవుంటాయి, పంచదారవి ఎన్ని రోజులు? నెయ్యి ఎక్కడిది? డ్రై ఫ్రూట్స్ వేసినవి కావాలా, వేయనివి కావాలా? పెట్టెలో ఎన్ని వస్తాయి, కొరియర్‌లో నలగకుండా ఎలా కడతారు, పెళ్లి సారెకి ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఈ ప్రశ్నలన్నిటికీ వాళ్లు రోజూ ఫోన్‌లో జవాబు చెబుతూనే ఉంటారు. ఆ జవాబులనే వాళ్ల మాటల్లో రాసి పెడితే అదే మంచి వెబ్‌సైట్. నేను ఇలాంటి పనికి కూర్చున్నప్పుడు ఓనర్ని ఏమీ రాయమని అడగను. ఒక పూట వాళ్ల కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చే ఫోన్లు వింటాను. సైట్లో ఏం ఉండాలో అక్కడే తెలిసిపోతుంది.

దాని బదులు జరుగుతున్నదేంటి? 'వెల్‌కమ్ టు అవర్ కంపెనీ', 'అవర్ మిషన్', 'అవర్ విజన్' అని ఇంగ్లీషులో మూడు పేరాలు, కోటు వేసుకున్న విదేశీయులు చేతులు కలుపుతున్న ఫొటో. పక్క జిల్లాలో ఎరువుల షాపు సైట్లోనూ ఆ ఫొటోనే ఉంటుంది. రేకు తీస్తున్న చెయ్యి ఫొటో ఒక్కటి, ఫోన్‌తో తీసిందైనా సరే, దాని ముందు ఆ కొనుక్కొచ్చిన ఫొటోలు పది కూడా నిలవవు. జీఐ ముద్ర వాడుకోవాలంటే చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అది అయినవాళ్లు ఆ సంగతి, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు పైనే చూపించుకోవాలి. దూరాన ఉండి డబ్బు ముందే పంపేవాళ్లకి అవే ధైర్యం.

ధర రాయడానికి మాత్రం అందరూ జంకుతారు. "పక్కవాడు చూస్తాడండీ" అంటారు. పక్కవాడికి మీ ధర తెలియకనా? ధర లేని సైటు చూసి ఫోన్ చేసేవాళ్లు కొందరైతే, ఎంత చెప్తారోనని వెనక్కి పోయేవాళ్లు అంతకంటే ఎక్కువ. నెయ్యి ధర మారుతూ ఉంటుందంటే 'ఇంత నుంచి' అని రాయొచ్చు, ఏ తేదీ నాటి ధరో పక్కన వేయొచ్చు.

ఇందాక తర్వాత చెప్తానన్న సంగతి. అందరికీ వెబ్‌సైట్ అక్కర్లేదు. మెకానిక్కు, ఇస్త్రీ బండికి, వీధి చివర కిరాణాకి గూగుల్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ చాలు. అలాంటివాళ్లు వచ్చి అడిగితే వద్దనే చెబుతాను. చీరల వ్యాపారానికి లైవ్ వీడియో చేసే పని ఏ వెబ్‌సైటూ చేయలేదు. చీర ఒంటి మీద వేసుకుని, కొంగు విప్పి చూపిస్తూ మాట్లాడితే కొనేవాళ్లు వేరు. కానీ ఆ వీడియో చూసినవాళ్లు డబ్బు పంపేముందు షాపు పేరు ఒకసారి వెతుకుతారు. అక్కడ షాపు ఫొటో, అడ్రసు, చీర పాడై వస్తే ఏం చేస్తారన్న మాట కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఎవరిని సంప్రదించాలో చూపించాలంటున్నాయి.

"మనవాళ్లకి టెక్నాలజీ అర్థం కాదు, అందుకే అన్నీ మేమే చూసుకుంటాం" అని ఏజెన్సీల వాళ్లు అంటుంటే నాకు నచ్చదు. 2016 తర్వాత యూపీఐని పట్టుకున్నది ఎవరు? కొబ్బరిబొండాలు అమ్మేవాళ్లు, పూల బుట్ట పెట్టుకున్న ముసలమ్మలు. డబ్బు నేరుగా తమ ఖాతాలో పడుతుందని తెలిసిన రోజున ఎవరూ నేర్పించకుండానే నేర్చుకున్నారు. పేరు, పాస్‌వర్డ్ తమవని తెలిస్తే ఇదీ నేర్చుకుంటారు.

యాడ్స్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే వాటి గురించి అరిచేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. టిఫిన్ సెంటరు పోస్టుని డబ్బు కట్టి రాష్ట్రమంతా కనిపించేలా బూస్ట్ చేస్తే శ్రీకాకుళంలో లైకులు వస్తాయి, ఇడ్లీలు అమ్ముడుపోవు. చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లకే పరిమితం చేయాలి. గూగుల్ యాడ్స్‌లో ప్రాంతం ఎంచుకునేటప్పుడు ఒక సెట్టింగ్ ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కాకుండా, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకి కూడా యాడ్ వెళ్తుంది. ఆత్రేయపురం స్వీటుకి అది వరం కావచ్చు, పంక్చర్ షాపుకి శుద్ధ దండగ. నెలాఖరున ఏజెన్సీ ఇచ్చే రిపోర్టులో 'రీచ్' (ఎంతమందికి చేరింది), 'ఇంప్రెషన్స్' (ఎన్నిసార్లు కనిపించింది) అని లక్షల్లో అంకెలుంటాయి. వాటిని పక్కన పెట్టి ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమంది దారి అడిగారు అన్న రెండే అడగండి. ఆ రెండూ గూగుల్ ప్రొఫైల్‌లో మీకే నేరుగా కనిపిస్తాయి, ఎవరి రిపోర్టూ అక్కర్లేదు.

ఈ పని చేసే నా తోటివాళ్లకి కూడా చెప్పాలి. పని ముగిశాక ఒక కాగితం ఇవ్వండి. డొమైన్ ఎక్కడ తీసుకున్నాం, ఏ ఈమెయిల్ మీద, గడువు ఎప్పుడు, రెన్యువల్ ఎంత, హోస్టింగ్ ఎక్కడ (అంటే సైటు ఏ సర్వర్‌లో ఉంది), గూగుల్ ప్రొఫైల్ ఓనర్ ఎవరు, ఫేస్‌బుక్ పేజీ అడ్మిన్ ఎవరు. పాస్‌వర్డులు కాగితం మీద కాకుండా వాళ్ల చేతే పెట్టించండి. ఇలా ఇచ్చేస్తే మళ్లీ మన దగ్గరికి రారేమోనని భయపడేవాళ్లున్నారు. నాకైతే అలా జరగలేదు. ఇచ్చేసినవాళ్లే ఇంకొకరిని పంపించారు.

ఇప్పటికే ఇరుక్కున్న వ్యాపారులు ఈ రోజే చేయగల పని ఒకటుంది. ఫోన్‌లో మీ షాపు పేరు వెతకండి. మ్యాప్‌లో కనిపించే ప్రొఫైల్ మీ జీమెయిల్‌తో తెరుచుకోకపోతే, దాని యాజమాన్యం కోరుతూ గూగుల్‌కే రిక్వెస్ట్ పెట్టొచ్చు. ఇప్పుడు ఓనరుగా ఉన్నవాళ్లకి జవాబివ్వడానికి మూడు రోజులుంటాయి. ఇవ్వకపోతే షాపు మీదేనని రుజువు చూపించి ప్రొఫైల్ తీసుకునే అవకాశం మీకు రావచ్చు. డొమైన్ విషయంలో ఇంత సులువు కాదు. బిల్లు, వాళ్లతో నడిచిన వాట్సాప్ మాటలు, డబ్బు పంపిన యూపీఐ రసీదులు దాచుకుని, ముందు మర్యాదగా అడగండి. చాలామంది అడిగితే ఇచ్చేస్తారు. గడువు ఎప్పుడో హూయిజ్‌లో, అంటే డొమైన్ల నమోదు వివరాలు చూపించే పేజీలో, వెతికితే తెలుస్తుంది. అది దగ్గర్లో ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు దాని సంగతి చూడండి.